చుక్కల మాస్టారి వేళ్ళ నూనె

చుక్కల మాస్టారు తన జీవితంలో ఒకే ఒక్క హత్య చేశాడు. గంజాయి నూనె రాసుకున్న చూపుడువేలితో, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ముఖాముఖి ఎన్నడూ ఎరగని ఒక ముసలావిడను చంపాడు.

సరే, హత్య అనడం కాస్త ఎక్కువే. గంజాయి అన్నమాటా సగమే నిజం. ఆ నూనె ఒళ్ళంతా పట్టించుకుని ఎండలో పడుకున్నా మనిషి మనిషిలాగే ఉంటాడు, మహా అయితే జిడ్డోడుతూ ఉంటాడు. ఇక ఆ ముసలావిడ సంగతంటారా, ఫలానా కారణం వల్లే పోయిందని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఇవాళ కాకపోతే రేపు అన్నవాళ్ళూ ఉన్నారు. కాని చూపుడువేలు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. కథంతా దానిదే.

నాలుగో ఏట వచ్చిన జ్వరం మాస్టారి కళ్ళు తీసుకుని ప్రాణం వదిలిపెట్టింది. బడిలో ఒక సిస్టరు ఆయన వేళ్ళు పట్టుకుని కాగితం మీద ఉబ్బెత్తు చుక్కల వెంట నడిపించింది. తప్పు చదివితే ఆ వేళ్ళమీదే స్కేలుతో ఒక్కటిచ్చేది. దెబ్బలకు రాటుదేలాయో, భయానికి మెత్తబడ్డాయో గాని, పదేళ్ళు వచ్చేసరికి ఆ వేళ్ళకు పట్టపగ్గాల్లేవు. పెద్దయ్యాక, అంధుల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫు రీడరుగా చేరి ముప్ఫై ఏడేళ్ళు అక్కడే చుక్కలు తడిమాడు. దుప్పటి కప్పిన పుస్తకాన్ని పైనుంచే చదివేవాడని ప్రెస్సులో చెప్పుకునేవారు. అది అబద్ధం. పల్చటి చేతిరుమాలు మీదుగా ఒకసారి చదివాడు, అదీ పందెం కోసం. కాని రేకు ప్లేటు మీద చుక్కలు కొట్టేవాడు ఆ పొద్దున పెళ్ళాంతో గొడవపడి వచ్చాడో లేదో చుక్కల లోతును బట్టి చెప్పేసేవాడన్నది మాత్రం నిజమే. ఆ ప్లేటు మనిషి దీనికి భయపడి, గొడవైన రోజు సెలవు పెట్టేవాడు.

ప్రూఫు చూసే పద్ధతి ఇది. కిటికీ పక్కన పచ్చటి ఫెల్టు గుడ్డ పరిచిన బల్ల. ఒక వైపు మాస్టారు కూర్చుని చుక్కల కాగితాన్ని వేళ్ళతో తడుముతూ పైకి చదువుతాడు. ఎదురుగా కళ్ళున్న మనిషి ఒకరు కూర్చుని, అచ్చు అక్షరాల మూలప్రతి చేతిలో పెట్టుకుని వింటారు. మాటకు మాట సరిపోతే మౌనం. తేడా వస్తే పెన్సిలుతో బల్లమీద టక్కుమని ఒక్కటి కొడతారు. చప్పుడు లేకుండా పేజీ అయిపోతే ఇద్దరూ సంతకం పెడతారు. ఆ ఎదుటి మనిషికి చుక్కలు రావు, మాస్టారికి అక్షరాలు కనబడవు. ఆయన నోటికీ ఆ ఎదుటి కంటికీ మధ్య పొంతన కుదిరితే ఆ పేజీ ఒప్పు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పద్ధతిని ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఎదుటి కుర్చీలో మనిషిని ప్రెస్సంతా మూలప్రతి అమ్మాయి అనేది. పంతొమ్మిదేళ్ళప్పుడు చేరింది. ఇప్పుడు నలభై ఆరు, ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసింది, అయినా అమ్మాయే.

జబ్బు ఎడమ చూపుడువేలి కొసన మొదలైంది. ముందు ఆవగింజలంత నీటి పొక్కులు. అవి ఎండి పొలుసులు లేచాయి. పొలుసులు రాలి పగుళ్ళు తేలాయి. నెల తిరిగేసరికి కుడి చూపుడువేలికీ పాకింది. దురద ఎలాంటిదంటే, చేతులు నోట్లో పెట్టుకుని కొరకాలనిపించేది. పగిలిన చర్మం కొసలు చుక్కలకు తగిలి పట్టుకునేవి, నొప్పికి చచ్చిన తాతలు కనబడేవారు. అయినా చదివేవాడు.

ఒకరోజు మూలప్రతి అమ్మాయి పెన్సిలు కొట్టకుండానే ఆపింది.

"మాస్టారూ, పేజీ మీద ఎర్రచుక్కలు పడ్డాయి."

"అవి మూలంలో లేవుగా?"

"లేవు."

"అయితే చదవక్కర్లేదులే. కానివ్వు."

ఆమె తన బ్యాగులోంచి గుడ్డ తీసి కాగితం తుడిచింది.

చర్మం డాక్టరమ్మ చూసి ఎగ్జిమా అంది. పూత మందు రాసిచ్చింది. రాసినన్నాళ్ళు తగ్గేది, మానగానే రెట్టింపై తిరిగొచ్చేది. అలా రెండేళ్ళు రాశాక, "ఇంకా ఇదే రాస్తే వేళ్ళ చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోతుంది, ఇక వద్దు. మూడు నెలలు చదవడం మానండి, వేళ్ళకు విశ్రాంతివ్వండి," అంది.

"మూడు నెలలు చదవకుండా ఏం చెయ్యమంటారు డాక్టరుగారూ?"

"రేడియో వినండి."

"రేడియో చెవులకు కదా. వేళ్ళకేం చెప్పమంటారు?"

డాక్టరమ్మకు తెలియని సంగతి ఒకటి ఉంది. ప్రెస్సులో కంప్యూటర్లు వచ్చాయి. ఉన్న మూడు ప్రూఫు బల్లల్లో రెండు తీసేశారు. మిగిలిన దాని గురించి మేనేజరు చాలా మర్యాదగానే చెప్పాడు. "మీ వేళ్ళు బాగున్నంత కాలం ఆ బల్ల మీదే మాస్టారూ. బాగోలేదని ఏ రోజు తెలిస్తే ఆ రోజు దాన్ని స్టోరులో పడేస్తాం." జీతం ఒక్కటే అయితే మాస్టారు ఎలాగో సర్దుకునేవాడు. ఆయన భయం వేరే. ఒకసారి గుడ్డివాడైన మనిషి రెండోసారి కూడా గుడ్డివాడవుతానేమోనని.

అప్పుడు దిగాడు బావమరిది. వ్యాయామం చాపలు, పొడులు, నూనెలు అమ్మే కొట్లో పని చేస్తాడు. అమ్మేదేదైనా ముందు బంధువుల మీద ప్రయోగించడం ఆయనకు అలవాటు.

"బావా, ఇది రాయి. కొట్లో దీనికోసం ఎగబడుతున్నారు. కెనబిడియాల్ అంటారు. గంజాయి మొక్కలోంచి తీస్తారు."

లోపలి గదిలోంచి మాస్టారి భార్య గొంతు వినబడింది. "ఏం తెచ్చావురా? గంజాయా?"

"మొక్క అదేనక్కా. మత్తెక్కించే సరుకు వేరు, ఇది వేరు. ఆ మత్తు తీసేసి చర్మానికి పనికొచ్చేది మాత్రం ఉంచుతారు."

"రేపు ఈయన వేళ్ళు తూలుతూ నడిస్తే పుస్తకాలన్నీ ఒంకరగా చదువుతారు. నాకేం, ప్రెస్సువాళ్ళే తిట్టుకుంటారు."

"నీ తమ్ముడు తెచ్చిందేదైనా నాకు మందే," అన్నాడు మాస్టారు. "పోయినేడు తెచ్చిన పొడి తిని పది రోజులు బాత్రూములోనే కాపురం పెట్టాను కదా."

వెటకారం ఆడాడు గాని, మర్నాడే డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాడు. ఆమె ఉన్నమాట చెప్పింది. కొందరికి దురద తగ్గిందని చిన్న చిన్న పరీక్షల్లో వచ్చింది. ఖాయంగా పని చేస్తుందని చెప్పేంత రుజువు ఇంకా లేదు. పైగా బజారులో దొరికే సీసాల మీద రాసినదొకటి, లోపల ఉన్నదొకటి. "రాయాలనుకుంటే ముందు సీసా తెచ్చి నాకు చూపించండి," అంది. మాస్టారు సీసా పట్టుకెళ్ళి చూపించాడు. ఆమె లేబులంతా చదివి, పర్లేదు, రాసి చూడండి, మండితే ఆపండి అంది.

మాస్టారి భార్యకు కూడా చూపు లేదు. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. గడప దాటి లోపలికి వచ్చిన ఏ డబ్బా అయినా, ఏ సీసా అయినా పేరు పెట్టించుకోకుండా అలమరలోకి ఎక్కడానికి వీల్లేదు. ఆమె గట్టి ప్లాస్టిక్ పట్టీ మీద చుక్కలు పొడిచి, వెనక జిగురు రాసి అంటించేది. ఉప్పుకు ఉప్పు, పంచదారకు పంచదార. మాస్టారి చొక్కా కాలర్ల లోపల 'నీలం', 'తెలుపు' అని ఉండేవి. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో నిద్రపోతున్న ఆయన వీపు మీద కూడా 'మొండి' అని ఒక పట్టీ అంటించిందని అంటారు. ఆ సీసాకు 'వేళ్ళ నూనె' అని పెట్టింది.

నూనె పని చేసింది. అద్భుతమేం జరగలేదు. దురద సగం తగ్గింది. పగుళ్ళు నెమ్మదిగా మానసాగాయి. చదువుతుంటే నొప్పి ఉండేది గాని భరించగలిగేంతే. మూడు నెలలు అలా గడిచాయి. ఆ మూడు నెలలూ మాస్టారు పొద్దున లేచి ముందు తన వేళ్ళకు దండం పెట్టుకునేవాడు.

సీసా అయిపోయింది. బావమరిది ఇంకొకటి తెచ్చాడు. అదే కంపెనీ, అదే మూత, చేతికి అదే బరువు. "ఇది గట్టి రకం బావా. పాతదాని తాత," అన్నాడు. ఆ ఇంటి రెండో నియమం ఇక్కడే పని చేసింది. పట్టీలు చెయ్యడం శ్రమ, కాబట్టి సరుకు అదే అయితే పాత పట్టీని కొత్త సీసాకు మార్చేవారు. మాస్టారి భార్య ఖాళీ సీసా మీది పట్టీని గోటితో లేపి, కొత్త సీసా మీద సరిగ్గా మధ్యలో, వెడల్పుగా, ఊడిపోకుండా నొక్కి అంటించింది. ఈసారి డాక్టరమ్మకు చూపించాలని ఎవరికీ తట్టలేదు. ఒకసారి చూపించిందేగా.

గట్టి రకం నిజంగానే గట్టిది. పొద్దున రాసుకుంటే మధ్యాహ్నం దాకా దురదన్న మాటే లేదు. మధ్యాహ్నం మళ్ళీ రాసుకుంటే సాయంత్రం దాకా. గోకడం మానేసరికి చర్మం కూడా మానింది. నెల తిరగకుండానే వేళ్ళు చిన్నపిల్లాడి వేళ్ళలా అయ్యాయని మూలప్రతి అమ్మాయి అంది. మాస్టారు నవ్వాడు. నవ్వి, చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు.

ఎందుకంటే చుక్కలు దూరం జరిగాయి. కాగితానికీ వేలికీ మధ్య ఎవరో పల్చటి గుడ్డ పరిచినట్టు ఉండేది. మొదటి రోజు కాగితం మెత్తగా ఉందనుకున్నాడు. రెండో రోజు ప్లేటు మనిషి నీరసంగా కొట్టాడనుకున్నాడు. వారం తర్వాత ఇక ఎవరినీ అనుకోవడానికి మిగల్లేదు. డాక్టరమ్మ చెప్పిన ఉల్లిపొర మాట గుర్తొచ్చింది. పాత పూత మందు చేసిన పాపం ఇప్పుడు బయటపడిందని, వేళ్ళు చచ్చిపోతున్నాయని తనే తీర్మానించుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే బల్ల పోతుంది. నూనె మానదామన్న ఆలోచన రాలేదు, నూనె వల్లే కదా చర్మం బాగుపడింది!

ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు చదివిన మనిషికి వేళ్ళు సగమే పని చేసినా మిగతా సగం బుర్ర పూర్తి చేస్తుంది. వాక్యం మొదలు తగిలితే చివర ఏముంటుందో తెలుసు. మాటలో మూడక్షరాలు అందితే నాలుగోది ఊహకు అందుతుంది. మాస్టారు అలాగే చదివాడు. గొంతు తడబడలేదు. పెన్సిలు అప్పుడప్పుడు మోగేది, కాని ఎప్పటికంటే ఎక్కువేం కాదు.

అప్పుడు బల్ల మీదున్నది 'ఇంట్లో మందుల వాడకం' అనే పుస్తకం. చూపు లేనివాళ్ళు తమంతట తామే మందులు వేసుకోవడానికి రాయించినది. నూట పన్నెండో పేజీలో జ్వరం మాత్రల గురించి ఉంది. ఎనిమిది గంటలకు ఒకటి చొప్పున అని మూలప్రతి. చుక్కల్లో ఎనిమిదికి మూడు చుక్కలు. ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటిగా రెండు, ఆ రెండో దాని కుడి పక్కన మూడోది. ఆ మూడోది లేకపోతే అది రెండు. రేకు ప్లేటు మీద ఆ మూడో చుక్క పడలేదు.

"ఎనిమిది గంటలకు ఒకటి చొప్పున," అని మాస్టారు పైకి చదివాడు.

మూలప్రతి అమ్మాయి కాగితంలోనూ అదే ఉంది. పెన్సిలు కదల్లేదు. ఇద్దరూ సంతకం పెట్టారు.

మూడు వందల కాపీలు అచ్చయ్యాయి. ముందే పేర్లు రాయించుకున్న నలభై మందికి నలభై కాపీలు పోస్టులో వెళ్ళాయి. మిగిలినవి స్టోరులో పెట్టారు.

ఆ తర్వాత పది రోజులకు గట్టి రకం అయిపోయింది. బావమరిది ఊళ్ళో లేడు. రెండు రోజులు గడిచేసరికి దురద వెనక్కొచ్చింది. దురదతో పాటు వేళ్ళూ వెనక్కొచ్చాయి. మొదట మాస్టారు నమ్మలేదు. కుర్చీ చేతి మీద చెక్క గీతలు తగిలాయి. టీ కప్పు అంచున సన్నటి పగులు తగిలింది. పిల్లాడిలా సంబరపడిపోయి, దొరికినదల్లా తడుముతూ స్టోరుకు వెళ్ళి, మందుల పుస్తకం ఒక కాపీ తీసి, నచ్చిన చోట తెరిచి చదువుకున్నాడు. నచ్చిన చోట మొదలుపెట్టిన మనిషి నూట పన్నెండు దాకా వచ్చాడు. అక్కడ వేలు ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు. ఇంకో కాపీ తీశాడు. ఇంకొకటి తీశాడు.

మూలప్రతి అమ్మాయిని పిలిచాడు. "అమ్మాయీ, నూట పన్నెండో పేజీ. జ్వరం మాత్ర ఎన్ని గంటలకొకటి?"

ఆమె వెతికి చూసింది. "ఎనిమిది మాస్టారూ."

"నేనేం చదివాను?"

"ఎనిమిదనే చదివారు. కాదంటే కొట్టేదాన్నిగా."

"ఇందులో రెండు ఉంది."

"లేనిదాన్ని ఎలా చదివారు?" అంది.

మర్నాడు మాస్టారు, నూనె ఆగాకే వేళ్ళు తిరిగొచ్చాయని తట్టి, ఆ ఖాళీ సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చుక్కల పట్టీని గోటితో లేపింది ఆమె. పట్టీ కింద అచ్చు అక్షరాలు బయటపడ్డాయి. ఆమె పైకి చదివింది. అది చర్మం కోసం చేసింది కాదు, కీళ్ళ నొప్పులకు చేసింది. కెనబిడియాల్ ఉన్నమాట నిజమే. దానితో పాటు, పళ్ళు పీకేముందు చిగుళ్ళకు రాస్తారే, ఆ తిమ్మిరి మందు కలిపారు. రాసిన చోట స్పర్శ తగ్గుతుంది, పగిలిన చర్మం మీద రాయకూడదు అని ఎర్ర అక్షరాలతో ఉంది. ఆ ఎర్ర అక్షరాలను 'వేళ్ళ నూనె' నిండుగా కప్పేసింది.

"మీ వేళ్ళకేం కాలేదు మాస్టారూ," అంది ఆమె. "పోనీ అదొక్కటీ మంచిదేగా. ఇప్పుడే మేనేజరు దగ్గరికి వెళ్దాం. నలభై మందికీ ఫోన్లు చేయిస్తారు. గంట పని."

"ఫోన్లు చేస్తే ఆయన అడిగే మొదటి మాట ఏమిటి? ఎవరు చదివారని."

"చదివింది మీరే. విన్నది నేనే. ఇద్దరం చెబుదాం."

"నీ కుర్చీ ఎక్కడికీ పోదమ్మాయీ. నాది పోతుంది." ఆయన సీసా జేబులో పెట్టుకున్నాడు. "పది రోజులు ఆగు. నేనే వెళ్ళి నలభై కాపీలూ సరిచేస్తాను. ఒక్క చుక్కేగా."

"పది రోజుల్లో ఎవరికైనా జ్వరం వస్తే?"

"నలభై మందిలో ఎవరికొస్తుంది? వచ్చినా రెండు గంటలకోసారి మింగేంత వెర్రివాళ్ళుంటారా?"

ఆమె ఇంకేం అనలేదు. అనాల్సిందని తర్వాత చాలా ఏళ్ళు అనుకుంది.

స్టోరులోని రెండు వందల అరవై కాపీలను మాస్టారు రెండు రోజుల్లో దిద్దాడు. కాగితం వెనక్కి తిప్పి, కర్ర పిడి ఉన్న చిన్న సూదితో వెనకనుంచి ఒక్క పోటు పొడిస్తే ముందు వైపు చుక్క లేస్తుంది. ఆ తర్వాత సెలవు పెట్టి, సూది జేబులో వేసుకుని, చిరునామాల కాగితం పట్టుకుని బస్సులెక్కాడు. రోజుకు నాలుగైదు ఇళ్ళు. మెట్లు, కుక్కలు, పని చెయ్యని లిఫ్టులు, తలుపు తియ్యడానికి అనుమానించే మనుషులు. మొదటి ఇళ్ళలో నిజం చెప్పాడు, అంకె ఒకటి తప్పు పడింది అన్నాడు. ఒకాయన వెంటనే, "ఇంకెన్ని తప్పులున్నాయి? మీ మేనేజరు నంబరివ్వండి," అన్నాడు. ఆయన్ను బతిమాలి బయటపడ్డాక మాస్టారు నిజం చెప్పడం మానేశాడు. "ప్రెస్సు నుంచి వచ్చాను, బైండింగు ఎలా ఉందో చూడాలి," అనేవాడు. పుస్తకం చేతికొస్తే చాలు, మంచినీళ్ళో టీయో తెచ్చే లోపల పోటు పడిపోయేది.

ముప్ఫై ఒకటో ఇల్లు రెండో అంతస్తులో ఉంది. తలుపు తీసినావిడ కూడా చూపు లేని మనిషేనని చేతికర్ర చప్పుడు చెప్పింది. డెబ్బై దాటిన గొంతు. గదిలో పేము వాసన, కుర్చీలు అల్లుతుందన్నమాట.

"ప్రెస్సు నుంచా? రండి, కూర్చోండి అన్నయ్యగారూ. ఆ పుస్తకం మా అక్కది. అదిగో, రేడియో పక్కనే ఉంది. నీళ్ళు తెస్తానుండండి."

ఆమె కర్ర వంటింటి వైపు వెళ్ళింది. మాస్టారు పుస్తకం అందుకున్నాడు. నూట పన్నెండు. వెనక్కి తిప్పాడు, పొడిచాడు, ముందుకు తిప్పి వేలితో చూసుకున్నాడు. మూడు చుక్కలు. పుస్తకం మూసేసరికి నీళ్ళు వచ్చాయి.

"అక్కగారు బయటికి వెళ్ళారా?" అన్నాడు మర్యాదకు.

"పోయింది అన్నయ్యగారూ. నాలుగు రోజులైంది."

మాస్టారి చేతిలో గ్లాసు ఉంది.

"జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. డాక్టరు ఎందుకే, పుస్తకముందిగా అంది. టెలిఫోన్ ఆపరేటరుగా ముప్ఫై ఐదేళ్ళు చేసిన మనిషి, రాసిందంటే రాసిందే ఆవిడకు. అలారం పెట్టుకుని మరీ వేసుకుంది, రెండు గంటలకొకటి. మూడు రోజులు. నేనన్నాను, అదేంటే అక్కా, అంత దగ్గర దగ్గరగానా అని. ప్రెస్సు పుస్తకమే, ఇద్దరు కూర్చుని చదివి సంతకం పెడితే గాని అచ్చెయ్యరు, నీకంటే వాళ్ళకు తెలుసు, నోర్మూసుకో అంది. నాలుగో రోజు ఒళ్ళు పచ్చబడిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. లివరు పోయిందన్నారు. ముందే బలహీనంగా ఉందేమో, వయసు కూడాను అన్నారు."

మాస్టారి మనసులో లెక్క వద్దన్నా నడిచింది. నాలుగు రోజులు, అంతకు ముందు ఆసుపత్రిలో ఎంతకాలమో. ఆమెకు జ్వరం వచ్చిన నాటికి తను స్టోరులో కూర్చుని పోట్లు పొడుస్తున్నాడు. గంట పని, అంది అమ్మాయి.

"ఏదీ, ఆ పేజీ ఎక్కడుందో చూపిస్తారా?" అంది ఆవిడ. "నేనెప్పుడూ తెరవలేదు. అక్కే చదివి వినిపించేది."

చెప్పడానికి అదే సమయం. ఆయనకు తెలుసు. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటితో, "నూట పన్నెండు," అన్నాడు.

ఆవిడ పేజీ తెరిచింది. పేము కోసి కోసి గరుకుదేలిన వేలు వరస మీద నెమ్మదిగా నడిచింది. అంకె దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"ఎనిమిదేగా ఇది?"

మాస్టారు గ్లాసు పెదాలకు ఆనించాడు.

"ఎనిమిదే. అయ్యో." ఆవిడ అరచేయి ఆ పేజీ మీద పెట్టి అలాగే ఉంచింది. "అయితే అక్క వేళ్ళు మొద్దుబారిపోయాయన్నమాట. ఎప్పటినుంచో ఏమో. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే నేను చదివేదాన్నిగా. చిన్నతనం అనుకుని ఉంటుంది, పిచ్చిది."

నీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మాస్టారు సెలవు తీసుకున్నాడు. ఆవిడ మెట్ల దాకా వచ్చి, జాగ్రత్త అన్నయ్యగారూ, ఏడో మెట్టు విరిగింది అని చెప్పింది.

మిగిలిన తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళాడు. పదకొండో రోజు ప్రెస్సుకు వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. "అన్నీ అయ్యాయా?" అని మూలప్రతి అమ్మాయి అడిగింది. అయ్యాయన్నాడు. "ఎవరికీ ఏం కాలేదుగా?" అంది. ఆయన కాగితం సర్దుకుని మొదటి వాక్యం చదవడం మొదలుపెట్టాడు. ఆమె చాలాసేపు పెన్సిలు పట్టుకుని విన్నది. ఆ వారంలోనే బైండింగు విభాగానికి మార్పించుకుంది. కారణం ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ దగ్గరికి మాత్రం వెళ్ళాడు. ఆమె సీసా చూసి తల పట్టుకుంది. వేళ్ళకు దెబ్బేమీ లేదంది, పాత రకం నూనెతో మెత్తటి లేపనం కలిపి వాడమంది. దురద కొంచెం ఉంటుంది, ఉండనివ్వండి అంది. ఉండనిచ్చాడు. బల్ల ఇంకో ఆరేళ్ళు నిలిచింది. ఆ ఆరేళ్ళూ ఏ పేజీలో అంకె వచ్చినా మాస్టారు దాన్ని మూడుసార్లు తడిమేవాడు. కొత్తగా వచ్చిన ఎదుటి కుర్చీ మనిషి విసుక్కునేది. రిటైరయ్యాక ఆయన చుక్కల పుస్తకం ముట్టుకోవడం ఎవరూ చూడలేదు. రేడియో వింటాడు.

ఇదంతా రాసినది రాసినట్టు ఆయనకు చదివి వినిపించారు. చివరిదాకా కదలకుండా విన్నాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"అబద్ధం," అన్నాడు. "నాకు చర్మం జబ్బు ఎప్పుడొచ్చింది? నా బావమరిది పళ్ళపొడి తప్ప ఇంకేం తేలేదు. ఆ అక్కాచెల్లెళ్ళెవరో నాకు తెలియదు, ఆ ఇంటి మెట్లు నేనెక్కలేదు. ఆ పుస్తకం మూడు వందల కాపీలు వేశాం. నూట పన్నెండో పేజీలో ఎనిమిదే ఉంది. ఏ కాపీ అయినా తెప్పించుకోండి. ఎవరి చేతైనా తడిమించుకోండి."